ఊరందరికీ ఒకటే పాస్‌వర్డ్

ఆమెను అందరూ నిచ్చెన పిన్ని అంటారు. స్కూటరుకు నిచ్చెన కట్టుకుని వెళ్లి ఇళ్ల బయట కెమెరాలు బిగించడం ఆమె పని. పనిలో వంక పెట్టడానికి వీల్లేదు గానీ, నోరు కాస్త దురుసు. "పాస్‌వర్డ్ మర్చిపోయామండీ" అని సరిగ్గా అన్నం ముందు కూర్చున్నప్పుడే ఫోన్ చేసేవాళ్లంటే ఆమెకు ఒళ్లుమంట. ఆ పీడ వదిలించుకోవడానికి తను బిగించిన కెమెరాలన్నిటికీ ఒకటే పాస్‌వర్డ్ పెట్టేసింది. ఎవరడిగినా నోట్లో ముద్ద ఉండగానే చెప్పేయొచ్చు. ఈ పనిలో చాలామంది చేసేదే ఇది, పైకి చెప్పుకోరంతే.

సొంత అక్క తన ఇంట్లోనే నడిపే పిల్లల సంరక్షణ కేంద్రానికీ అదే పాస్‌వర్డ్. పనులకెళ్లే తల్లులు పసివాళ్లను అక్కడ దింపి వెళ్తారు. ఆటస్థలం దగ్గర పెట్టింది వైఫై కెమెరా. తీగ లాగితే కొత్త రంగు పాడవుతుందని అక్క గోల పెట్టింది, పిన్ని సరేనంది.

ఒక ఉదయం అక్క ఫోన్ చేసింది.

"ఏమే, కెమెరా దానంతటదే తిరుగుతోంది. పిల్లలు ఎటు పోతే అటే చూస్తోంది. నేను ముట్టుకోలేదు. ఎవరో మన పిల్లల్ని చూస్తున్నారే."

పిన్నికి గుండె జారిపోయింది. తలుపు బార్లా తీసిపెట్టిన మహాతల్లి తనే కదా. ఎవడో పరాయివాడు ఎక్కడో కూర్చుని పసివాళ్లను చూస్తున్నాడన్న ఊహతోనే స్కూటరు తీసింది. నమ్మి పిల్లల్ని వదిలిన తల్లులకు అక్క ఏ ముఖం పెట్టుకుని చెబుతుంది?

వెళ్లీ వెళ్లగానే కెమెరాను వైఫై నుంచి తప్పించి, ఏయే ఫోన్ల నుంచి దాన్ని తెరిచారో చూసింది. అక్క ఫోను కాకుండా ఇంకొక్క ఫోను. అదీ ఈ ఇంటి వైఫై మీదే వచ్చింది.

"ఈ రెండో ఫోను ఎవరిదక్కా?"

"ఎదురింటి టైలరమ్మదేమో. వాళ్లింట్లో నెట్ పోయిందంటే మనది వాడుకోమన్నాను. ఇరుగూ పొరుగూ అన్నాక..."

"నీ ధర్మబుద్ధి తగలెయ్యా" అంటూనే పిన్ని రోడ్డు దాటింది.

టైలరమ్మ ఫోనును దారాల డబ్బాకు ఆనించుకుని మిషను తొక్కుతోంది.

"మంచి సమయానికొచ్చావమ్మాయ్. ఇప్పుడే బొమ్మ పోయింది. అయినా నువ్వు పెట్టిన కెమెరా నా గుమ్మం చూపించడం మానేసి మీ అక్క పిల్లల్ని చూపిస్తోందేంటి? ఎంత తిప్పినా వాళ్లే. పోనీలే, పొద్దుపోతుందని ఊరుకున్నా."

పిన్నికి అంతా అర్థమైంది. టైలరమ్మ ఫోను అక్క వైఫైలో చేరి కెమెరా కోసం వెతికింది. అక్కడున్నది దొరికింది. పాస్‌వర్డ్ ఒకటే గనక అది తెరుచుకుంది. పిన్ని ఆ గుమ్మంలోనే చతికిలబడింది. "అమ్మయ్య" అంది, నవ్వింది, ఆ వెంటనే కళ్లనీళ్లు పెట్టుకుంది.

"ఏమైందే నీకు?" అంది టైలరమ్మ.

"ఏం లేదండీ, మీరే అయినందుకు బతికిపోయాం."

ఈసారి టైలరమ్మ కాబట్టి సరిపోయింది, ఇంకెవడైనా అయ్యుంటే? రంగు పోతే పోనీ అని ఆ పూటే తీగ లాగడం మొదలుపెట్టింది. తీగ అయితే చాలు, ఇక ఢోకా లేదనుకోవడమూ వెర్రే. బయట చేతికందేలా వేలాడితే, ఎవడైనా కెమెరా పీకేసి ఆ కొసకు తన లాప్‌టాప్ తగిలించి ఇంటి నెట్‌లోకి దూరతాడు. అందుకే కొసను ఎత్తున ఇనుప పెట్టెలో పెట్టి తాళం వేసింది. ఆ తీగకు ఆ కెమెరా తప్ప ఇంకేది తగిలించినా పనిచేయకుండా కట్టడి చేసింది. కొత్త పాస్‌వర్డ్ అక్కనే పెట్టుకోమంది.

"నాక్కూడా చెప్పకు. రేపటినుంచి ఇల్లిల్లూ తిరిగి అందరిచేతా మార్పిస్తా."

"తల్లులకు చెప్పాలంటావా?" అంది అక్క.

"చెప్పక? ఇంకొకరి నోట వింటే మన ముఖం చూస్తారా?"

సాయంత్రం తల్లులు వస్తుంటే అక్క ఏదీ దాచకుండా చెప్పింది. కొందరు పిన్నిని తిట్టారు, ఆమె నిచ్చెన మీద నిలబడే ఆ తిట్లన్నీ పడింది. అందరికన్నా చిన్నపిల్లాడి తల్లి మాత్రం పిల్లాడి సంచి సర్దుకుంది. కొడుకును ఎత్తుకుని గేటు దాకా వెళ్లింది. ఇక ఆమె రాదనుకుని అక్క తల దించుకుంది.

ఆమె వెనక్కి తిరిగింది.

"రేపు వీడికి చల్లనీళ్లు పట్టకండి. జలుబు చేసింది."