రెండుసార్లు తీసేసిన ఐదున్నర గంటలు

మా చెల్లెలు హఫీజ్‌పేటలోని మా మేడమీద పది అంగుళాల దూరదర్శిని పెట్టుకొని, ఒకే ఒక గెలాక్సీ వెలుగును ఏళ్ల తరబడి కొలిచింది. దాని నడుమ ఉన్న కృష్ణబిలం రేగినప్పుడల్లా ఆ వెలుగు గంటల్లోనే పెరిగి తరిగేది. అదే గెలాక్సీని దూరాన ఒక కొండమీది గామా కిరణాల దూరదర్శినులూ గమనించేవి. రెండు వెలుగులూ ఒక్కసారే రేగుతున్నాయా అన్నది ప్రశ్న. కనుక కొలత ఎంత ముఖ్యమో సమయమూ అంతే ముఖ్యం. ఆమె పక్క నక్షత్రాలతో పోల్చి చెప్పేది, నేను రిజిస్టరులో రాసేవాణ్ణి. మన గడియారం నుంచి ఐదున్నర గంటలు తీసేసి, గ్రీనిచ్ సమయమే వేయించేది.

మాదాపూర్‌లో అద్దాల భవనాలు లేస్తున్న రోజులవి. ఆమెలా ఆ కొండమీది శాస్త్రవేత్తలకు పంపేవాళ్లందరి కొలతలూ కంప్యూటరులోకి ఎక్కించే పని అక్కడి ఒక కార్యాలయానికి అప్పగించారు. కొన్ని నెలలకు ఒక ముద్రిత పట్టికతో ఉత్తరం వచ్చింది: మీ కొలతలు గామా కొలతలతో పొసగడం లేదు, ఇకమీదట పంపనక్కరలేదు.

ఆమెను కళ్ల డాక్టరు దగ్గరికి నేనే తీసుకువెళ్లాను. లోపం లేదన్నాడు.

“ఆయన చూపించింది గోడమీది అక్షరాలన్నయ్యా, గెలాక్సీ కాదుగా,” అంది. దూరదర్శినికి దుప్పటి కప్పి, మళ్లీ మేడ ఎక్కలేదు. ఆ వానాకాలంలోనే జ్వరంతో ఆసుపత్రిలో చేరి, తిరిగి రాలేదు.

ఆమె కాగితాలు సర్దుతూ ఆ పట్టికను మొదటిసారి నా రిజిస్టరుతో వరుసవారీగా పోల్చాను. ప్రతి వరుసలోనూ సమయం ఐదున్నర గంటలు వెనక్కి ఉంది. మరునాడే ఆ కార్యాలయానికి వెళ్లాను.

“ఇండియాల చూసినయన్నిట్ల ఐదున్నర తీసెయ్యమన్నరు సార్, తీసేసినం,” అన్నాడు ఇంజనీరు.

“ఆవిడ ముందే తీసేసిందండీ. ప్రతి పేజీ పైనా రాసి పంపాం.”

“పైన రాసింది ఎవరు చూస్తరు సార్?”

“పోనీ, మీ లెక్కే చూడండి. ఆవిడ రాసింది మన సమయమే అయితే, సాయంత్రం నాలుగింటికి, మండుటెండలో, మా చెల్లెలు గెలాక్సీని చూసిందా?”

ఆయన కంప్యూటరు వైపు తిరిగాడు. ఐదున్నర గంటలు తిరిగి కలిపి గీత గీయించాడు. తెరమీద ఆమె వెలుగు గామా వెలుగుతోపాటే లేచింది, దానితోపాటే దిగింది.

“మంచిగ కలిసినయ్ సార్! ఇగ ఫికర్ లేదు, మేడమ్‌ను మళ్ల పంపమనండి.”

“ఆవిడ పోయిందండీ.”

ఆయన లేచి నిలబడ్డాడు. మెల్లగా అడిగాడు: “రిజిస్టర్ మీ దగ్గర్నే ఉండె గదా సార్. ఉత్తరం వచ్చిన్నాడే ఎందుకు రాలే?”

ఉద్యోగమంతా ఇతరుల లెక్కలు సరిచూసినవాణ్ణి. ఆనాడు మాత్రం కంప్యూటరు పట్టికను నమ్మి, ఆమె కళ్లను అనుమానించాను.