ఎలీసమ్మ తెగిన సున్నాలు

చిలకలూరిపేట దాటాక, గుంటూరు రోడ్డు మీదున్న కోల్డ్ స్టోరేజీలో ఎలీసమ్మ మిరపకాయల గోతాలకు మార్కా వేసేది. రేకులో అక్షరాలు కోసి, దాన్ని గోతానికి ఆనించి, పైన నల్లరంగు అద్దడం పని. తెలుగు అక్షరాలన్నీ గుండ్రటివేనాయె. సున్నాని చుట్టూ కోసేస్తే మధ్య ముక్క ఊడి కింద పడుతుంది. అందుకని ప్రతి సున్నాకీ పైనా కిందా కాస్త రేకు వదిలేసేది. అలా ఏళ్లతరబడి కోసి కోసి, ఆమె చేతికి నిండు సున్నా రాయడమే రాకుండా పోయింది.

తొంభై ఏడులో ఊళ్లో చర్చికి రోడ్డువైపు కొత్త గోడ లేచింది. పేట పెయింటరుకి తీరిక దొరక్క, దానిమీద బైబిలు వాక్యం రాసే పని పాస్టరుగారు ఎలీసమ్మకి అప్పజెప్పారు. ఆమె ఒకరోజు ఉపవాసముండి, బ్రష్షు పట్టి, మనిషెత్తు అక్షరాలు ఎర్రరంగుతో రాసింది. రేకు లేకపోయినా సున్నాలు తెగే వచ్చాయి. దగ్గర నిలబడితే అవి ఉత్త గీతలు. పోయే బస్సులోంచి చూస్తే మాత్రం అక్షరాలు లేచి నడుస్తున్నట్టుండేవి. ఎలీసమ్మ అది దేవుడి మహిమ అనుకుంది.

ప్రేమ్‌చంద్ అది మంచి పబ్లిసిటీ అనుకున్నాడు. పేటలో విత్తనాల షాపు ఆయనది. బస్సులోంచి గోడ చూసి అక్కడే దిగిపోయి, చెప్పులు విడిచి చాలాసేపు దానిముందు నిలబడ్డాడు. తర్వాత కోటేష్ అనే పెయింటర్ని తీసుకొచ్చి, అక్షరం వదలకుండా కాగితం మీదికి ఎక్కించుకున్నాడు. షావుకారుకి మనసు మారుతోందని పాస్టరుగారు సంబరపడి, ఇద్దరికీ టీ ఇప్పించారు.

తొంభై తొమ్మిది సీజనుకల్లా నరసరావుపేట నుంచి ఒంగోలు దాకా గోడలనిండా తెగిన సున్నాలతో పత్తి విత్తనాల పేర్లే. వెనకే పురుగుమందుల వాళ్లు, ట్యూషన్ల వాళ్లు, చివరికి ఎన్నికల్లో అన్ని పార్టీల వాళ్లూ అందుకున్నారు. ఎలీసమ్మకి కోపం రాలేదు. కాస్త గర్వం వచ్చింది. ఆ గర్వానికి ఆదివారం ప్రార్థనలో క్షమాపణ అడిగింది.

ఏటా క్రిస్మస్ ముందు ఆమే గోడకి సున్నం కొట్టి, వాక్యం మళ్లీ రాసి, మూలన ఆ ఏటి అంకె వేసేది.

రెండు వేల అయిదులో హారిక అనే ఆవిడ హైదరాబాదు నుంచి వచ్చింది. డిజైను కాలేజీలో పాఠాలు చెబుతూ, తెలుగు అక్షరాల డిజైను చరిత్ర రాస్తోంది. గోడని అన్నివైపుల నుంచీ ఫొటోలు తీసింది. రాసింది తనేనని ఎలీసమ్మ చెబితే మెచ్చుకుని, ఎక్కడ నేర్చుకున్నారని అడిగింది. దేవుడే నేర్పాడని ఎలీసమ్మ ఉన్నమాటే చెప్పింది. హారిక అది రాసుకోలేదు.

రెండేళ్లకి పుస్తకం అచ్చయి చర్చికొక కాపీ వచ్చింది. పాస్టరుగారు చదివి వినిపించారు. ఆ శైలికి ఆద్యుడు పత్తి విత్తనాల గోడలు రాసిన కోటేష్ అట. వ్యాపార ప్రకటనల ప్రభావం మారుమూల ప్రార్థనా మందిరాలకి సైతం పాకిందనడానికి సాక్ష్యంగా ఎలీసమ్మ గోడ ఫొటో వేశారు. మూలన ఆమె వేసిన రెండు వేల నాలుగు స్పష్టంగా కనపడుతోంది.

ఆమె భర్త యలమందయ్య ఊరుకోలేదు. ఎస్టీడీ బూతుకి తీసుకెళ్లి ఫోను చేయించాడు. హారిక ఓపిగ్గా విని, నొచ్చుకుంది.

"తొంభై తొమ్మిదికి ముందు తీసిన ఫొటో ఏదైనా ఉందా అమ్మా? ఆధారం లేకుండా మార్చలేను."

ఉంది. తొంభై ఎనిమిదిలో ఎలీసమ్మ చెల్లెలి పెళ్లిఫొటో ఆ గోడముందే తీశారు. ఇటు చుట్టాలూ అటు చుట్టాలూ ఒక్కరూ తగ్గకుండా నిలబడి గోడ మొత్తం కప్పేశారు. పెళ్లికొడుకు భుజానికీ మామగారి తలపాగాకీ మధ్య మాత్రం ఎర్రగా ఏదో సగం కనపడుతోంది. ఫొటో పంపిస్తే, అది అక్షరమో పూలదండో తేల్చలేకపోతున్నామని హారిక బాధగా చెప్పింది. మలి ముద్రణలో మాత్రం, స్థానికుల కథనం వేరుగా ఉందని పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఒక మాట చేర్చింది. ఆ స్థానికులెవరో రాయలేదు.

"పోనీలే, వాక్యం పుస్తకంలో పడింది. నలుగురూ చదువుతారు," అంది ఎలీసమ్మ. ఆ పూట మాత్రం అన్నం సరిగా తినలేదు.

మరుసటేడు పాత పాస్టరుగారు బదిలీ అయి కొత్తాయన వచ్చాడు. చదువుకున్న మనిషి, ఆ పుస్తకం ఆయనా చూశాడు. గోడముందు నిలబడి మెల్లిగా అన్నాడు, "ఏమనుకోకమ్మా, దేవుని మందిరం పత్తి విత్తనాల షాపులా కనపడకూడదు కదా. ఫ్లెక్సీ వేయిద్దాం."

ఎలీసమ్మకి గొంతుదాకా మాట వచ్చింది. పుస్తకమే ఒప్పుకోని సంగతి ఈయన ఒప్పుకుంటాడా అనుకుని, వందనాలు చెప్పి బకెట్టు తెచ్చుకుంది. గోడకి సున్నం తనే కొట్టింది. ఆ క్రిస్మస్‌కి ఏమీ రాయలేదు.

ఆదివారం ఫ్లెక్సీ కట్టారు. అక్షరాలు కంప్యూటరువి, నిండుగా, నున్నగా ఉన్నాయి. ఒకవైపు కొత్త పాస్టరుగారి ఫొటో వేశారు. ఎలీసమ్మ దగ్గరికెళ్లి వాక్యమంతా చదివి, బాగుందని మనస్ఫూర్తిగానే ఒప్పుకుంది. ఇంటికెళ్లే దారిలో రోడ్డు మీదికొచ్చాక ఒకసారి వెనక్కి తిరిగి చూసింది.

"ఇక్కణ్ణుంచి ఆయన మీసం ఒక్కటే కనపడుతోందయ్యా," అంది యలమందయ్యతో.