బాబాయి చూడని సినిమాలో ఒక సీను

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే నవ్వి ఊరుకునే మనిషిని నేను. జీవితమంతా కాలేజీలో ఫిజిక్స్ పాఠాలు చెప్పుకుని బతికాను. ఇది దయ్యం కథ కూడా కాదు, ఇందులో జడుసుకోవలసిందేమీ లేదు. అయినా డెబ్భైల్లో తిరువూరులో జరిగిన ఈ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ నాకు మనసు బాగుండదు.

మా సూర్యం బాబాయి అక్కడి హైస్కూల్లో సైన్సు మేష్టారు. పెళ్ళి చేసుకోలేదు. మా సొంతూరు వినగడపలో పొలాలు మా నాన్న చూసుకుంటుంటే, బాబాయీ నాయనమ్మా తిరువూరులో ఒక చిన్న పెంకుటింట్లో ఉండేవాళ్ళు. సెలవులొస్తే నేను అక్కడికే పరిగెత్తేదాన్ని.

బాబాయికి ఒక పిచ్చి ఉండేది. అద్దె పుస్తకాల కొట్లో దొరికే డిటెక్టివ్ నవలలు, వేరే గ్రహాల వాళ్ళ కథలు, మాంత్రికుల జానపద సినిమాలు, ఏదీ వదిలేవాడు కాదు. మండుటెండల్లోనూ ఓవర్‌కోటు విప్పని డిటెక్టివుల గురించి, చిలకలో ప్రాణం దాచుకునే మాంత్రికుల గురించి తెగ మాట్లాడేవాడు. ఆ పిచ్చి నాకూ అంటించాడు. విజయవాడలో డిగ్రీ చదువుతూ నేను ఒక సినిమా పత్రికకి సమీక్షలు రాయడం మొదలుపెట్టానంటే అది ఆయన చలవే.

ఆ వేసవికి బాబాయి మంచంలో ఉన్నాడు. చిన్నప్పుడు వచ్చిన కీళ్ళ జ్వరం గుండె కవాటాన్ని పాడు చేసిందట. నాలుగడుగులు వేస్తే ఆయాసం. సరిగ్గా అప్పుడే ఆయన కోసమే తీశారా అన్నట్టు ఒక సినిమా తిరువూరు వచ్చింది. చంద్రుడి అవతల నుంచి ఒక మరమనిషి పల్లెటూళ్ళో దిగుతాడు. అంతా హాస్యం. అడుగడుగునా ఆ నవలల మీద, ఆ జానపదాల మీద చెణుకులేనని పేపర్లో రాశారు.

బాబాయి వెళ్తానన్నాడు. ఆ జనంలో, ఆ ఉక్కలో వద్దన్నారు డాక్టరు గారు.

"పోన్లే విమలా, నువ్వెళ్ళి చూసిరా. ఒక్క సీను వదలకుండా చెప్పాలి. నీ సమీక్ష ముందు నాకు, తర్వాతే పత్రికకి" అన్నాడు.

పక్కింటి అక్కయ్యతో మ్యాట్నీకి వెళ్ళాను. మరమనిషి ప్రాణం చిలక పంజరంలో దాచిన బ్యాటరీలో ఉంటుంది. ఎగిరే చాపకి లైసెన్సు ఏదని పోలీసు అడుగుతాడు. హాల్లో చాలామందికి ఎందుకు నవ్వాలో తెలియలేదు. నేను మాత్రం కడుపు పట్టుకుని నవ్వాను. నవ్విన ప్రతిసారీ, మంచంలో ఉన్న మనిషి వాటా కూడా నేనే తినేస్తున్నట్టు అనిపించింది.

ఇంటికొచ్చి ఆయన మంచం పక్కన కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను. బాబాయి కళ్ళు మూసుకుని వింటున్నాడు. చివరికొచ్చాక నా సమీక్షకురాలి తెలివి చూపించాను. తీసుకెళ్ళడానికి వాహనం వస్తే మరమనిషి రానని మొండికేస్తాడనీ, ఎందుకో చెప్పలేదనీ, అది కథలో పెద్ద లొసుగనీ అన్నాను.

"చెప్పాడుగా" అన్నాడు బాబాయి. "లైబ్రరీలో డిటెక్టివ్ నవల చదువుతాడు. ఆఖరి పేజీ ఎవరో చింపేసి ఉంటారు. హంతకుడెవరో తెలిసేదాకా ఏ గ్రహానికీ రానంటాడు. ఆ పేజీ కోసం నేనూ వెతుకుతున్నానయ్యా అంటాడు లైబ్రరీ ముసలాయన. ఆయన కళ్ళజోడుకి ఒక పక్క పుల్ల ఊడిపోతే దారం కట్టుకుని ఉంటాడు చూడు, అదీ నవ్వు."

చెబుతూ ఆయాసమొచ్చేదాకా నవ్వాడు.

అలాంటి సీను లేదన్నాను. ఉందన్నాడు. సరిగా చూడలేదేమో అన్నాడు. నాకు రోషమొచ్చింది.

"సినిమా చూసింది నేను బాబాయ్, నువ్వు కాదు."

నవ్వు ఆగిపోయింది. "అవున్లే. చూసింది నువ్వేగా" అని గోడవైపు తిరిగాడు.

మిగిలిన కాస్త కథా అడగలేదు. నేనూ చెప్పలేదు. మర్నాడు సమీక్ష రాసి పోస్టు చేశాను, లొసుగు సంగతితో సహా. ఆ వారంలోనే ఆయాసం ఎక్కువై విజయవాడ ఆస్పత్రికి తీసుకెళ్ళారు. బాబాయి మళ్ళీ తిరువూరు రాలేదు.

వానలు పడ్డాక విజయవాడలో అదే సినిమా ఉదయం ఆటగా వేశారు. ఎందుకు వెళ్ళానో చెప్పలేను. ఇంకోసారి ఆయనకి చెప్పుకుంటున్నట్టు ఉంటుందనుకున్నానేమో. చివర్లో తెర మీద లైబ్రరీ కనిపించింది. మరమనిషి చేతిలో నవల. చిరిగిన ఆఖరి పేజీ. ముసలాయన కళ్ళజోడుకి తెల్లదారం. మాటలు కూడా దాదాపు అవే. హాల్లో జనం నవ్వుతుంటే నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను.

తిరువూరులో ఆ సీను లేకపోవడానికి కారణం తర్వాత తెలిసింది. అక్కడికొచ్చిన ప్రింటులో ఆ ముక్క ముందే తెగిపోయిందని తిరువూరు హాలు మేనేజరు చెప్పారు. అంతవరకు అర్థమైంది. కానీ బాబాయికి ఎలా తెలుసు? కథ కూడా అచ్చేసే ఆ సినిమా పాటల పుస్తకం తెప్పించి చూశాను. సగం కథ చెప్పి, శేషం వెండితెర మీద చూడమని వదిలేశారు. పేపర్లో ఆ ఊసు లేదు. ఇంటికి వచ్చేది డాక్టరు గారొక్కరే, ఆయన సినిమాలు చూడరు. అలాంటి నవలలు చదివిన మనిషి గనక చిరిగిన పేజీ ఊహించాడనుకుందాం. దారం కట్టిన కళ్ళజోడు మాటేమిటి?

నాయనమ్మ వినగడప వచ్చేశాక ఒకరోజు ఆమెనే అడిగాను, ఆ మ్యాట్నీ వేళ బాబాయి దగ్గరికి ఎవరైనా వచ్చారా అని.

"ఎవరొస్తారే ఆ ఎండలో. అన్నం తిని పడుకున్నాడు" అంది. బియ్యంలోంచి ఒక రాయి ఏరి పక్కన పడేసి, "నిద్రలో నవ్వాడు" అంది. "పసిపిల్లలు నవ్వితే దేవుడు కనపడ్డాడంటాం. ఇంత మనిషి నవ్వుతాడేంటా అనుకున్నా. చాలా రోజులకి నవ్వాడు కదాని లేపలేదు."

ఆ రోజు నేనూ బాబాయీ వాదులాడుకున్నప్పుడు ఆమె పక్క గదిలోనే ఉంది.

"వాడు ఉందన్న సీను ఉందా అయితే?"

ఉందన్నాను. నాయనమ్మ తలూపింది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆ తర్వాత నేను సమీక్షలు మానేశాను. అదేమీ శపథం కాదు, రాయబుద్ధి కాలేదు, అంతే. నిద్రలో ఉన్న మనిషి, ఆ ఊళ్ళో ఎవరికీ కనపడని సినిమా ముక్కని ఎలా చూశాడో నాకు ఈ రోజుకీ తెలియదు. నా చదువుకి అందే జవాబు దొరకలేదు. ఆ విషయంతో ఎలాగో సర్దుకున్నాను.

సర్దుకోలేనిది వేరే ఉంది. ఆ సీను ఉందని ఒప్పుకోనక్కర్లేదు, "ఉందేమో బాబాయ్, ఇంకా చెప్పు" అని ఉంటే చాలు. ఆయన ఇంకాసేపు నవ్వేవాడు.