యాకూబ్ చాచా తెచ్చిన పగిలిన రికార్డు

2022 వానాకాలం. వరంగల్ మట్టెవాడలో మాది చిన్న దుకాణం. ముందు గదిలో మా ఆయన పెళ్లి వీడియోల మిక్సింగ్ చూసుకుంటాడు. వెనక గది నాది. పాత క్యాసెట్లు, రికార్డులు ఎక్కించి వాటిలో ఉన్నదాన్ని కంప్యూటర్లోకి తీస్తాను. మా భాషలో దీన్ని ట్రాన్స్‌ఫర్ అంటాం. పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. పని దగ్గర నాకు పొగరని మా ఆయన అంటాడు. నిజమే, ఉంది. ఈ రికార్డు దగ్గర అది ఒకసారి ముక్కలైంది, ఒకసారి పనికొచ్చింది.

ఒక పొద్దున యాకూబ్ చాచా పాత లుంగీలో చుట్టిన మూట పట్టుకొని వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, ఖిలా వరంగల్‌లో ఉంటాడు. ఒకప్పుడు ఆయన క్లారినెట్ మోగనిదే ఈ ఊళ్లో బారాత్ కదిలేది కాదు. మా పెళ్లికీ ఆయన బ్యాండే. మూట విప్పితే నల్లటి రికార్డు, నిమిషానికి డెబ్బై ఎనిమిది చుట్లు తిరిగే పాత రకం. అంచు నుంచి నడుమ కాగితం దాకా సన్నటి పగులు. కాగితం మీద అక్షరాలన్నీ ఎప్పుడో చెరిగిపోయాయి.

"ఇది మోగుతదా బిడ్డా?"

"ఏమున్నది చాచా దీంట్ల?"

"అమెరికావోళ్ల జాజ్. ఆరుగురే వాయిస్తరు. కాజీపేటల ఉన్న రైల్వే గార్డు దొర ఊరిడిసి పోతపోత మా అబ్బాకు ఇచ్చిండు. మా అబ్బాది భీ క్లారినెటే."

ఈ తరహాని డిక్సీల్యాండ్ అంటారని నాకు తర్వాత తెలిసింది. ట్రంపెట్ పాట చెబుతుంటే క్లారినెట్ దాని పైన పరుగులు తీస్తుంది, ట్రాంబోన్ కింద నుంచి సాగదీసి జవాబిస్తుంది. ముగ్గురూ ఒకేసారి వాయిస్తారు, ఎవరి దారి వాళ్లదే, అయినా ఎవరికీ ఎవరూ అడ్డం రారు. మన బారాత్ బ్యాండులో అందరూ ఒకటే పాట పట్టుకొని పోతారు కాబట్టి చాచాకి చిన్నప్పటి నుంచీ అదొక వింత.

వాళ్ల నాన్న తలుపేసుకొని, రికార్డు పెట్టుకొని, దానితో పాటు వాయించేవాడట. చాచా బయట గడప మీద కూర్చొని వినేవాడు. పదేళ్లప్పుడు ఒకరోజు చాప కింద ఉన్న ఆ రికార్డు మీద చూసుకోకుండా కూర్చున్నాడు, అది పగిలింది.

"మా అబ్బా కొట్టలే, తిట్టలే. కొడ్తె మంచిగుండు. మళ్ల ఎన్నడు ఆ పాట వాయించలే. వాయించు అబ్బా అంటె, పక్కపొంటి వాయించే సాథీలు లేకుంట ఎట్ల వాయించాలెరా అనేటోడు. ఆ పాట ఆఖర్ల ఒక కాడ క్లారినెట్ పైకెక్కి, తిరిగి తిరిగి దిగుతది బిడ్డా. మొదలు యాదికున్నది, నడుమ జారిపోతాంది. ఎడమ చెవు ఎన్నడో పోయింది. కుడిది గూడ మూసుకుంటాందని దవాఖానల చెప్పిండ్రు. అది మూసుకునే లోపట ఆ ముక్క ఒక్కసారి ఇనాలె."

"ఇనిపిస్త చాచా. ఫికర్ చెయ్యకు," అన్నాను. మాటిచ్చాక వెనక్కి పోవడం మా ఇంటావంటా లేదు.

ఈ పాత రికార్డుల గాడి వెడల్పుగా ఉంటుంది, మామూలు సూది అందులో పనికిరాదు. వెడల్పు సూది తెప్పించాను. అందరూ చేసినట్టు స్పిరిట్‌తో తుడిస్తే లక్కతో చేసిన రికార్డు కరిగిపోతుంది. అందుకని డిస్టిల్డ్ వాటర్, మెత్తటి గుడ్డ. సూది బరువు తగ్గించి ఆడిస్తే మోగింది. కాకపోతే చుట్టుకోసారి పగులు దగ్గర టక్‌మంటుంది. మూడు నిమిషాల పాటలో రెండొందలకు పైగా టక్కులు. ముందు ఉన్నది ఉన్నట్టు ఎక్కించి పక్కన పెట్టాను. దాన్ని రా కాపీ అంటాం, దాని జోలికి ఎవరూ పోకూడదు.

తర్వాత డీక్లిక్ నొక్కాను. చటుక్కున వచ్చే చప్పుళ్లను సాఫ్ట్‌వేర్ వెతికి తనే తీసేస్తుంది. పది నిమిషాల్లో పాట అద్దంలా అయింది. గర్వంగా చాచా ఇంటికి ఫోన్ చేసి రమ్మన్నాను.

ఆయన హెడ్‌ఫోన్ కుడి చెవికి ఆనించుకొని కాసేపు విని, తీసి బల్ల మీద పెట్టాడు.

"ట్రంపెట్‌కు నాలికె ఏది బిడ్డా?"

"నాలికేంది చాచా?"

"ఊదేటోడు ఒక్కో సురాన్ని నాలికెతోని త అని కొడ్తడు. ఈడ కొడ్తలేడు. పండ్లు లేనోడు ఊదినట్టున్నది."

నాకు ఒళ్లు మండింది. అరచెవి మనిషి నాకు పని నేర్పడమేంటి అనుకున్నాను. ఆయన వెళ్లాక రా కాపీని, నా కాపీని పక్కపక్కన పెట్టి విన్నాను. ఆయన మాటే నిజం. ట్రంపెట్ స్వరం చటుక్కున మొదలయ్యే చోటల్లా యంత్రం దాన్ని కూడా టక్కే అనుకొని నరికేసింది. సిగ్గుతో తల వాలిపోయింది.

మళ్లీ మొదటికొచ్చాను. ఈసారి యంత్రాన్ని నమ్మలేదు. ఒక్కో టక్కునీ తెర మీద పెద్దది చేసి, ట్రంపెట్‌ని తగలకుండా, చేత్తోనే బాగుచేశాను. పదకొండు రోజులు పట్టింది.

"పెళ్లోళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేస్తాండ్రు. నువ్వేమో పగులు పట్టుకొని కూసున్నవ్," అన్నాడు మా ఆయన.

"పెళ్లోళ్ల చెవులు యాడికి పోవు. చాచా చెవు పోతాంది," అన్నాను.

చాచా రెండోసారి వచ్చి విన్నాడు. "ఆఁ, నాలికె మొలిచింది," అని నవ్వాడు. నా ప్రాణం లేచొచ్చింది. పాట ఆఖరికి వచ్చింది. ఆయన మొహం వాడిపోయింది.

"లేదు బిడ్డా. ఆ ముక్క లేదు. టక్కులతో పాటు అదీ తీసేసినవ్."

ఒకసారి తప్పు చేసినదాన్ని, ఏ మొహం పెట్టుకొని కాదంటాను? నా దగ్గరున్న సాక్ష్యం రా కాపీ ఒక్కటే. టక్కులన్నిటితో అదే పెట్టాను. ఆఖరి భాగం మూడుసార్లు విన్నాం. క్లారినెట్ ఒక్క స్వరం పట్టుకొని ఆగిపోయింది. తర్వాత ట్రంపెట్, ట్రాంబోన్, వెనక డ్రమ్ము, అంతే. అక్కడ ఎవరూ ఏదీ తీసేయలేదు.

చాచా రికార్డుని మళ్లీ లుంగీలో చుట్టసాగాడు. పదకొండు రోజులు ఇందుకా అని నాకు ఏడుపొచ్చింది.

"మా అబ్బా తలుపేసుకునేటోడు గద," అన్నాడు మెల్లగా. "నేను గడప మీద కూసోని ఇన్న. అంత రికార్డే అనుకున్న. ఆ ముక్క అమెరికావోళ్లది కాదు బిడ్డా. మా అబ్బాది."

అంటే అది ప్రపంచంలో ఏ రికార్డులోనూ లేదు. ఈ ముసలాయన బుర్రలో ఉంది, అదీ సగమే.

"చాచా, ఇంటికి పోయి క్లారినెట్ తీస్కరా," అన్నాను.

"నడుమ యాదికి లేదంటి గద."

"అప్పుడు సాథీలు లేరు. ఇప్పుడీ రికార్డుల ఉన్నరు. ఆటోల పో, జల్ది రా."

గంటలో వచ్చాడు. మైకు పెట్టి, పాటని ఆయన కుడి చెవిలో వేశాను. మొదటిసారి నడుమ తడబడ్డాడు. రెండోసారీ అంతే. క్లారినెట్ దించబోతే, "ఇంకోసారి," అన్నాను. ఐదోసారి క్లారినెట్ పైకెక్కింది, ట్రంపెట్ పక్క నుంచి జారింది, తిరిగి తిరిగి దిగింది. ఆయన వేళ్లు ఎక్కడా ఆగలేదు.

అది రికార్డయింది. రెండూ కలిపి వినిపిస్తే చాచా కళ్లు తుడుచుకున్నాడు. "తలుపు తీసినట్టున్నది," అన్నాడు.

మరుసటి ఏడాది ఆ చెవి కూడా మూసుకుపోయింది. నాకు పొగరు పూర్తిగా పోలేదు కానీ, ఇప్పుడు ఎవరు పాత రికార్డు తెచ్చినా సూది పెట్టకముందే ఒక మాట అడుగుతాను: "ఇది మోగేటప్పుడు మీ ఇంట్ల దీంతోని కలిసి ఎవరన్న పాడేటోళ్లా?"