ఒక వారం, ఒక గోడ

మొన్న ఈ అరబ్బు ఊళ్ళోని ఐన్ ఖాలిద్ పేటలో మా అబ్బాయి వాళ్ళింట్లో టీ తాగుతుంటే, ఫిబ్రవరి నెలంతా తమ బళ్ళో నల్లజాతివారి చరిత్ర ఉత్సవమని మనవరాలు చెప్పింది. నెలంతానా అని నోరు తెరిచాను. అందులో వింతేముంది అన్నట్టు చూసింది. ఆ నెల వెనక ఒక వారం ఉందని దానికేం తెలుసు!

చాలా ఏళ్ళ కిందట మేము ఇదే ఊళ్ళో అల్ మన్సూరా పేటలో ఉండేవాళ్ళం. ఎదురు ఫ్లాట్‌లో అమెరికా నుంచి వచ్చిన నల్లజాతి టీచరమ్మ. మా ఆవిడ సకినాలకూ ఆమె మొక్కజొన్న రొట్టెకూ మధ్య రోజూ రాకపోకలే. కరీంనగర్ బట్టల బజారులో, కొనేవాడి చూపు ఏ తాను మీద ఆగిందో కనిపెట్టే నాన్న దగ్గర పెరిగినవాణ్ణి కనుక, నన్ను మించిన బేరగాడు లేడని నా నమ్మకం. మా ఆవిడ లెక్కలో మాత్రం, కొత్తిమీర కొసరడుగుతూ కొన్న టమాటాలే మరిచివచ్చిన మనిషిని.

తన బళ్ళో ఆ ఉత్సవం మొదటిసారి జరుపుతానని టీచరమ్మ అడిగితే, ప్రిన్సిపాల్ ఒక వారమూ, స్టోర్‌రూమ్ పక్క చీకటి నడవాలో ఒక గోడా ఇచ్చాడట. ఎవరూ చూడకపోతే మరుసటేడు అదీ ఉండదని ఆమె బెంగ. ఏడాది అడిగి నెలకు దిగమని సలహా పారేశాను.

ఆమె నవ్వి, ఇది పుట్టిందే ఒక వారంగా అంది. బానిసలుగా బతికిన తల్లిదండ్రుల కొడుకు, బొగ్గు గనుల్లో చెమటోడ్చి తరువాత పెద్ద చదువులు చదివిన ఒక పండితుడు, తనవాళ్ళ చరిత్ర బడి పుస్తకాల్లో లేదని బాధపడి మొదలుపెట్టాడట. ఫిబ్రవరే ఎందుకంటే, బానిసత్వం పోవడానికి పాటుపడిన ఇద్దరు పెద్దల పుట్టినరోజులు నల్లవాళ్ళు అప్పటికే ఆ నెల్లో జరుపుకునేవారట. అది నెలగా పెరిగింది చాలా ఏళ్ళకు.

వినగానే నాన్న గుర్తుకొచ్చాడు. కొత్త రకం చీరలొస్తే దుకాణంలో పరవక జాతరకు మోయించేవాడు. జనాన్ని పిలవడం కన్నా జనమున్న చోటికి పోవడం చవక అనేవాడు. జనం అప్పటికే పండగ చేసుకునే నెలకే తన వారాన్ని మోసుకుపోయిన ఆ పండితుడూ మా బజారు మనిషే!

"రోజులు అడగకండి టీచరమ్మా, గోడ మార్చమనండి" అన్నాను. పిల్లల కోసం వచ్చే తల్లిదండ్రులంతా గుమిగూడేది గేటు లోపలి వాటర్ కూలర్ దగ్గర.

"గింత పెద్ద బేరగానివి, ఆఖరికి నీళ్ళకాడ గోడ ఇప్పిస్తున్నవా?" అని మా ఆవిడ ఎకసెక్కమాడింది.

గోడ మార్చడానికి ప్రిన్సిపాల్‌కు పోయేదేముంది, సరేనన్నాడు. టీచరమ్మ కూలర్ పక్క గోడ నిండా బొమ్మలూ వాటి కింద రాతలూ అంటించింది. దుకాణం ముందు నలుగురుంటేనే ఐదోవాడు ఆగుతాడు కనుక, నేనూ మా ఆవిడా పోయి జనంలా నిలబడ్డాం. మా అవసరం ఎంతోసేపు లేకపోయింది. నీళ్ళకొచ్చినవాళ్ళు గ్లాసు చేతిలో ఉండగానే చదువుతూ నిలబడిపోయారు. ఒక సూడాన్ తండ్రి కూతుర్ని భుజానికెత్తుకుని పై వరసలోని బొమ్మలు చూపించాడు. మరుసటేడు రెండు వారాలని ప్రిన్సిపాలే అన్నాడు. టీచరమ్మ మా తలుపు బాది, "యల్లా! పదండి, బేరం మనదే!" అంది.

అందుకే మొన్న, మీ గోడ ఎక్కడే అని మనవరాలిని అడిగాను. గోడ లేదట, ఫోన్లకు వీడియోలు పంపుతారట. తల్లిదండ్రులు కార్లు దిగరట, పిల్లలే వచ్చి ఎక్కుతారట.

అడగకుండానే నెలంతా దొరికింది, సంతోషమే. నన్నడిగితే మాత్రం, అందులో మూడు వారాలు తిరిగిచ్చేసి, జనం ఆగే అలాంటి కూలర్ దగ్గర ఒక్క గోడ అడిగేవాణ్ణి.