టోపీ ఎత్తిన గ్రహాంతరవాసి

వెర్నా హాస్కెట్ వంటింట్లో రెండు రేకు పళ్ళేలున్నాయి. రెండింటికీ సరిగ్గా నడిమధ్య చిల్లు. వాటిలో ఏ కేకు చేసినా పిండి కారి పొయ్యి అడుగున మాడుతుంది. అయినా ఆవిడ వాటిని పారేయలేదు. ఒకప్పుడు ఆ రెంటినీ ఒకదాని మీద ఒకటి బోర్లించి, దారం కట్టి వేలాడదీస్తే, అవే ఒక సినిమాలో గ్రహాంతరవాసుల ఓడగా టల్లీ వెల్స్ ఊరి మీదికి ఆకాశంలోంచి దిగాయి.

అది యాభై ఆరో సంవత్సరం, ఆకులు రాలే కాలం. లాస్ ఏంజిలెస్ నుంచి ఒక లారీ, రెండు కార్లు, తొమ్మిది మంది మనుషులు వచ్చి ఆ ఎడారి ఊళ్ళో ఆరు రోజుల్లో ఒక సినిమా తీసుకుపోయారు. పేరు 'నీళ్ళలో వచ్చినవాళ్ళు'. ఎక్కడి నుంచో వచ్చినవాళ్ళు ఊరి నీళ్ళ ట్యాంకులో దూరతారు. ఆ నీళ్ళు తాగినవాడు మర్నాటికి వాడు కాడు. మొహం అదే, చొక్కా అదే, లోపల మనిషి వేరు. ఆనవాలు ఒక్కటే. వాళ్ళు నవ్వరు, ఎవరినీ పలకరించరు.

రాక్షసుల బొమ్మలు చేయించే స్తోమత ఆ సినిమావాళ్ళకు లేదు. అందుకని ఊళ్ళోవాళ్ళనే రాక్షసులను చేశారు. మధ్యాహ్నం భోజనం పెడతామంటే జనం బారులు తీరారు. వెర్నా మొగుడు ఓరిన్ దాణా కొట్టు కట్టేసి మరీ వెళ్ళాడు.

డైరెక్టరు కుర్రవాడు. పన్నెండు మంది మగవాళ్ళను వరసగా నిలబెట్టి చెప్పాడు. "అయ్యా, మీరు మనుషులు కారు. మొహంలో ఏమీ ఉండకూడదు. చూపు తిన్నగా పెట్టి నడిచిపోవడమే."

"మనిషివి కావని మా ఆవిడ ముప్పయ్యేళ్ళ నుంచి చెబుతూనే ఉంది బాబూ. ఇవాళ నువ్వూ చెప్పావు," అన్నాడు ఓరిన్. జనం అడ్డం రాకుండా కట్టిన తాడుకు ఇవతల నిలబడ్డ ఆడవాళ్ళంతా నవ్వారు. వెర్నా కూడా.

"నవ్వకండయ్యా. ఫిల్ము కొలిచి తెచ్చుకున్నాం. ఒక్కసారే తీస్తాం. తప్పు చేస్తే ఆ తప్పు అలాగే ఉండిపోతుంది."

పన్నెండు మందీ బజారులో నడిచారు. ఎదురుగా కథానాయిక వస్తోంది. భయంతో గోడకు ఆనుకుంది. మొదటివాడు ఆమెను దాటిపోయాడు, రెండోవాడు దాటిపోయాడు, మూడోవాడూ అంతే. నాలుగోవాడు ఓరిన్. కళ్ళు తిన్నగానే ఉన్నాయి, మొహంలోనూ ఏమీ లేదు. చెయ్యి మాత్రం దాని పాటికది లేచి టోపీ ఎత్తి మళ్ళీ పెట్టేసింది.

డైరెక్టరు తన టోపీ తీసి నేలకేసి కొట్టాడు. "ఎందుకయ్యా ఎత్తావు?"

"ఆడమనిషి ఎదురొచ్చింది కదా బాబూ."

"నువ్వు గ్రహాంతరవాసివయ్యా!"

"అయితే మాత్రం?"

ఆ మాట ఊళ్ళో సామెత అయి కూర్చుంది. చర్చిలో ఎవరైనా కునికితే "అయితే మాత్రం?" అనేవారు. కూరలో ఉప్పు ఎక్కువైనా అదే మాట. సినిమాలో ఆ ముక్క అలాగే ఉండిపోయింది. మళ్ళీ తీయడానికి ఫిల్ము లేదు మరి.

మొదటి ఆట నాడు హాలంతా ఘొల్లుమంది. ఓరిన్ సిగ్గుతో కుర్చీలోకి కుంగిపోయాడు. పిల్లలు మాత్రం ఆ ముక్క కోసమే మళ్ళీ మళ్ళీ పోయేవారు. 'టోపీ మామ' రాగానే తామూ తలల మీద చేతులు పెట్టుకుని టోపీలు ఎత్తేవారు. ఆట అయ్యాక ఆపరేటరు ఎల్వుడ్‌ను బతిమాలుకుంటే, ఆ రీలు మళ్ళీ ఎక్కించి ఆ కాస్త వేసి చూపేవాడు.

ఆ రోజుల్లో వెర్నాకు ఆ సినిమాల మీద పెద్ద ఇష్టమేమీ లేదు. పిల్లల గోల అనుకునేది. ఓరిన్‌కు పక్షవాతం వచ్చిన తరవాత అవి ఆమెకు అర్థమయ్యాయి.

యాభై తొమ్మిది ఫిబ్రవరిలో కొట్టులో బస్తాల మధ్య పడిపోయాడు. ఏడు నెలలు మంచంలో ఉన్నాడు. కళ్ళు తెరిచేవాడు, పెట్టింది మింగేవాడు. మొహంలో మాత్రం ఏమీ ఉండేది కాదు. ఎడమ పక్క చచ్చుబడింది. కుడి చెయ్యి అప్పుడప్పుడూ ఎందుకో ఎక్కడికో కదిలేది. కాఫీ చెంచా నోటి దగ్గర పెట్టి "తీపి సరిపోయిందా?" అని ఆమె అడిగేది. అతను ఆమెను గోడను చూసినట్టు చూసేవాడు. మొహం అదే, చొక్కా అదే. అతనెక్కడికి పోయాడో ఆమెకు తెలియలేదు. పెద్ద పెద్ద రాక్షసులు మేడలు కూలగొట్టే సినిమాలు చూసి ఎవరూ ఇంటికొచ్చి భయపడరు. మన బల్ల దగ్గర మన కప్పులో కాఫీ తాగుతున్నవాడు మనవాడు కాడేమోనన్న భయం చూపడానికి డబ్బక్కర్లేదు, ఒక వంటిల్లు చాలు. ఆ భయం ఆవిడ ఏడు నెలలు వండి వడ్డించింది.

సెప్టెంబరులో పోయాడు.

అరవై ఒకటి వసంతంలో ఆ సినిమా అవే రీళ్ళతో మళ్ళీ ఊళ్ళోకి వచ్చింది. మూడు శనివారాలు మ్యాట్నీ వేస్తారు. ఆ తరవాత ఆ పాత రీళ్ళను కంపెనీ వెనక్కి తీసుకుని కాల్చేస్తుందని ఎల్వుడ్ కబురు చేశాడు. ఓరిన్‌వి ఇంట్లో ఫోటోలు పది దాకా ఉన్నాయి. కదిలే ఓరిన్ ఆ రీలులో తప్ప ఎక్కడా లేడు.

మొదటి శనివారం వెళ్ళింది. చుట్టూ పిల్లలు, మొక్కజొన్న పేలాలు, కేకలు. తెర మీద మొదటివాడు, రెండోవాడు, మూడోవాడు. ఓరిన్ చెయ్యి లేచింది.

వెర్నా కుర్చీ అంచుకు జరిగింది. ఆ చెయ్యి అలా లేవడం ఆమె ఇంతకుముందు చూసింది. సినిమాలో కాదు. చివరి రోజు పొద్దున.

ఆ పొద్దున జ్వరం ఎక్కువగా ఉంది. నుదుటి మీద తడిగుడ్డ వేసి, దాన్ని తీయనివ్వొద్దని డాక్టరు చెప్పి వెళ్ళాడు. ఆమె గిన్నెలో చల్లనీళ్ళు పట్టుకుని తలుపు తీసుకుని లోపలికి వచ్చేసరికి అతని కుడి చెయ్యి తల వైపు లేస్తోంది. గుడ్డ లాగేస్తాడని ఆమె గబుక్కున గిన్నె కింద పెట్టి ఆ చెయ్యి పట్టుకుని దించింది. "ఉండు, ఉండు, తీయకు," అంటూ దుప్పటి కింద దోపింది. చిటికెన వేలు ఒక్కటీ విడిగా బిగుసుకుని నిలబడితే దాన్ని కూడా మడిచి లోపలికి పెట్టింది. అతను మళ్ళీ చెయ్యెత్తలేదు. సాయంత్రానికి పోయాడు.

గుడ్డ కోసమా? లేకపోతే ఆడమనిషి గదిలోకి వచ్చింది కనుకనా?

ఆ ప్రశ్న ఆమె వెంట ఇంటికి వచ్చింది. ఓరిన్ టోపీ ఎలా ఎత్తేవాడో గుర్తు చేసుకుందామని కూర్చుంది. గుర్తు రాలేదు. ముప్పయ్యేళ్ళు బజారులో ఎదురైన ప్రతిసారీ టోపీ ఎత్తాడు, ప్రతిసారీ ఆమె తల ఊపింది. ఆ ఊళ్ళో పద్ధతే అంత. మగవాడు టోపీ ఎత్తుతాడు, ఆడది తల ఊపుతుంది. తల ఊపిందే కానీ, ఆ చేతిని ఏనాడూ చూసింది లేదు.

రెండో శనివారం ముందు వరసలోనే కూర్చుంది. ఆ ముక్క వచ్చేసరికి వెనక పిల్లలంతా కుర్చీలెక్కి చేతులెత్తారు. తెర మీద పిల్లల నీడలు తప్ప ఏమీ కనబడలేదు.

ఆ వారంలో ఆడబిడ్డ నడీన్ వచ్చింది. "పిల్లల ఆటకు పోయి ముందు వరసలో కూర్చుంటున్నావట వదినా? మా అత్తగారు చర్చి మెట్ల మీదే అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది."

"మీ అన్నయ్యను చూడటానికి వెళ్ళాను."

"దెయ్యంలా మొహం పెట్టుకుని నడుస్తాడు, అదా చూడటం? నేను రెండు ఫోటోలు పటం కట్టించి ఇచ్చాను కదా. నవ్వుతూ ఉన్నవి."

"ఫోటోలో చెయ్యి కదలదు నడీన్."

నడీన్ పొయ్యి దగ్గరికి పోయి కాఫీ పెట్టింది. వెనక్కి తిరక్కుండానే అడిగింది. "వదినా, అన్నయ్య టోపీ ఎట్లా ఎత్తేవాడు? నాక్కూడా గుర్తు రావడం లేదు. చిన్నప్పుడు నాకు కూడా ఎత్తేవాడు, నేను పొట్టి గౌను వేసుకునే రోజుల్లోనే. ఏడిపించడానికి."

మూడో శనివారం ఇద్దరూ కలిసి వెళ్ళారు. వెర్నా ఈసారి వెనక వరసలో, పిల్లల తలలకు పైగా కనబడేచోట కూర్చుంది. కళ్ళద్దాలు రెండుసార్లు తుడుచుకుంది. తెర మీద దారం కనబడేటట్టుగా ఆమె పళ్ళేలు ఆకాశంలోంచి దిగాయి. ట్యాంకులో నీళ్ళు మెరిశాయి. బజారు వచ్చింది. పిల్లలు కుర్చీలెక్కి చేతులు తలల మీదికి తెచ్చుకున్నారు.

మొదటివాడు. రెండోవాడు. మూడోవాడు. తెర మీద బొమ్మ ఒక్కసారి ఎగిరి పడింది. అయిదోవాడు నడుస్తున్నాడు.

పిల్లల చేతులు గాల్లోనే ఆగిపోయాయి. ఎవరూ నవ్వలేదు. "టోపీ మామ ఏడీ?" అని ఒక గొంతు, "ఓయ్ ఎల్వుడ్, మింగేశావా?" అని ఇంకో గొంతు. తరవాత ఈలలు.

వెర్నా లేచి బయటికి వచ్చి పక్కనున్న ఇనప మెట్లెక్కింది. పై గదిలో ఉక్క. ఎల్వుడ్ చెమట తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు. అతను ఓరిన్‌తో పాటు చదువుకున్నవాడు.

"నువ్వొస్తావని తెలుసు వెర్నా. మొహం చూపలేక పోతున్నాను."

"ఏమైంది?"

"పోయిన శనివారం ఆట అయ్యాక పిల్లలు అడిగితే మళ్ళీ వేశాను. ఇన్నేళ్ళూ అదే పని కదా, ఆ చోటే అరిగి అరిగి ఉంది. పటుక్కున తెగింది. తెగినచోట అటూ ఇటూ కోసి అతికించాలి. మళ్ళీ తెగింది. మళ్ళీ కోశాను." అతను తల దించుకున్నాడు. "వాణ్ణి ఇష్టపడే అరగదీశాం, వెర్నా."

"కోసిన ముక్కలేం చేశారు?"

ఎల్వుడ్ ఒక కాఫీ డబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించాడు. ఎన్ని సినిమాల తుంపులో. గుర్రాలు, ముద్దులు, ఓడలు, అన్నీ గోరంత గోరంత. కింద ఆట నడుస్తూనే ఉంది, అతను మధ్యమధ్య వెళ్ళి మిషను చూసుకుని వస్తున్నాడు. ఇద్దరూ ఒక్కొక్క ముక్కే దీపానికి పెట్టి చూశారు. చాలాసేపటికి ఎల్వుడ్, "ఇదిగో," అన్నాడు. వేలెడు పొడుగు. ఏడు బొమ్మలు.

"ఇది ఇమ్మని అడగొచ్చా? వాళ్ళది కదా?"

"పెట్టె తిరిగి పంపాలి. చెత్త ఎవడడుగుతాడు. తీసుకుపో తల్లీ."

రుమాలులో చుట్టుకుని ఇంటికి తెచ్చుకుంది. నడీన్ గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండా వెళ్ళిపోయింది. వంటింటి కిటికీలో ఇంకా ఎండ ఉంది. వెర్నా ఆ ముక్కను రెండు వేళ్ళతో పట్టుకుని వెలుతురుకు పెట్టింది.

ఏడింటిలోనూ టోపీ తల మీదే ఉంది. ఎత్తడం లేదు, చెయ్యి దారిలో ఉంది. మొదటి బొమ్మలో నడుము దగ్గర, చివరి బొమ్మలో చెవి దాకా. తన తండ్రి కొన్న భూతద్దం బీరువాలోంచి తీసి పెట్టి చూసింది. బొటనవేలు, రెండు వేళ్ళు దగ్గరికి వచ్చి పట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నాయి. చిటికెన వేలు విడిగా, బిగుసుకుని, దూరంగా నిలబడి ఉంది. దాణా దుమ్ము చేతులు కదా, టోపీ మాయకుండా అలా పట్టుకునేవాడు కాబోలు.

ఆవిడ తన చేతిని చూసుకుంది. ఆ వేలిని మడిచిన చెయ్యి ఇదే.

ఉన్నాడు. ఏడు నెలలూ ఆ మొహం వెనక ఉన్నాడో లేదో, ఆ పొద్దున మాత్రం ఉన్నాడు. ఆమె తలుపు తీసుకుని లోపలికి వస్తే చూశాడు. మర్యాద చేయబోయాడు. ఆమె వద్దని దించేసింది.

కుర్చీలో కూర్చుని ఏడ్చింది. ఏడుపు ఆగాక కూడా లేవలేదు. చిల్లు పళ్ళేలు కిటికీ చట్రానికి వేలాడుతూ ఎండను రెండు చుక్కలుగా గోడ మీద వేశాయి. ఎండ తగ్గుతోంది. ఇంకాసేపైతే ఆ ముక్కలో ఏమీ కనబడదు.

లేచి మళ్ళీ కిటికీ దగ్గరికి వెళ్ళింది. జుట్టు సవరించుకుంది. ముక్కను వెలుతురుకు పెట్టి, నడుము దగ్గర నుంచి చెవి దాకా ఆ చేతిని ఒక్కొక్క బొమ్మే చూస్తూ వచ్చింది. ఈసారి వేళ్ళను చూసింది, అన్నిటినీ చూసింది. చివరి బొమ్మ దగ్గర ఆగింది.

బజారులో ఎదురైనప్పుడు ఊపినట్టే, నెమ్మదిగా, తల ఊపింది.