ఒక పురుగు, రెండు చీటీలు

నేను అబద్ధాలు చెప్పను, కథలు చెబుతాను. రెంటికీ తేడా ఉందని మా వేప్పనపల్లి టీకొట్టులో పాతికేళ్లుగా వాదిస్తున్నాను. మా బావిలో పడిన చిరుతకు నిచ్చెన వేస్తే, అది ఎక్కి వచ్చి, నిచ్చెనను మళ్లీ గోడకు ఆనించి మరీ పోయిందని చెప్పినప్పుడు ఎవరూ కాదనలేదు. ఇంకో టీ ఇప్పించారు. ఆ తేడా మీద నాకున్న నమ్మకాన్ని బియ్యపు గింజలో సగం లేని ఒక పురుగు పోగొట్టింది.

నాకు చక్కెర జబ్బు ఉంది. కెలమంగలం దగ్గర పట్టుపురుగులు పెంచే మా అక్క, తన మల్బరీ తోట గట్టు మీది తంగేడు పూలు కోసి సంచిలో పంపిస్తుంది. ఎండబెట్టి, కాచుకొని తాగాలి. మామిడి పూత మీదున్న రోజుల్లో ఒకనాడు ఆ పూలను చేటలో పోస్తుంటే పచ్చటి పురుగు ఒకటి పాకుతూ బయటికి వచ్చింది. వీపు మీద రెండు నల్లచుక్కలు. రెక్కల కొస, చొక్కా చేయి మడిచినట్టు, కిందికి వంగి ఉంది. నీ పూలలో ఇలాంటిది వచ్చింది, చూసుకో అని అక్కకు ఫోన్ చేశాను. పురుగును ఖాళీ మాత్రల సీసాలో వేసుకున్నాను. టీకొట్టులో చూపించడానికి ఏదో ఒకటి కావాలి కదా.

మరునాడు అక్కడ ఒక అమ్మాయి ఉంది. కుప్పం పక్క పల్లె పిల్ల, బెంగళూరులో పురుగుల మీద పరిశోధన చేస్తోంది. మామిడి పూతకు పట్టే పురుగుల కోసం వచ్చింది. మెడలో వేలాడుతున్న కటకాన్ని కంటికి పెట్టుకొని నా సీసాను చాలాసేపు చూసింది.

“అన్నా, ఇది యాడ దొరికింది?”

టీ గ్లాసులు పట్టుకున్న నలుగురూ నావైపు తిరిగారు. చేటలో అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

“కొండ వెనకాల మామిడిచెట్టులోమ్మా. ఒంటి ఏనుగొకటి ఆ చెట్టుకు వీపు రుద్దుకుంటా ఉండె. కొమ్మ ఊగి ఇది నా చొక్కా మీద పడె. ఏనుగు నన్ను చూసె, దీన్ని చూసె, పక్కకు జరిగి దారిచ్చె.”

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఏనుగును వదిలేసి, మామిడిచెట్టును మాత్రం పుస్తకంలో రాసుకొని, సీసాను తనతో తీసుకుపోయింది.

కొన్నాళ్లకు ఫోన్ చేసింది. ఇది ఇంతవరకు ఎవరూ వర్ణించని జాతిలా ఉందట. పురుగు కింద చీటీ గుచ్చుతారట. ఊరు, చెట్టు, తేదీ, పట్టినవారి పేరు. “మీ పేరు రాసినానన్నా,” అంది. రెండు రోజులు నా కాలు నేల మీద ఆనలేదు.

తర్వాత ఆదివారం ఆదివారం రావడం మొదలుపెట్టింది. దొరికింది ఆడది. మగదాని తోక భాగాన్ని విప్పి చూస్తేగాని కొత్త జాతి అని గట్టిగా చెప్పలేరట. తెల్ల గొడుగును కొమ్మ కింద తలకిందులుగా పట్టుకోవాలి, కొమ్మను కర్రతో కొట్టాలి, రాలిన పురుగులను నోటితో పీల్చే గొట్టంలోకి లాగాలి. గొడుగు పట్టుకున్నది నేనే. నాలుగు ఆదివారాలు మామిడిచెట్ల కింద, అక్కడ లేదని తెలిసిన పురుగు కోసం గొడుగు పట్టాను.

“ఇట్లాంటివి కొన్ని ఒకే చెట్టును నమ్ముకొని బతుకుతాయన్నా,” అంది ఒకసారి. “నేను మామిడి అని రాస్తే, రేపు ఎవరో అది చదివి మామిడికి కొత్త చీడ వచ్చిందని మందు కొడతారు.”

అప్పుడే చెప్పాల్సింది. కానీ అంతకుముందే టీకొట్టులో ఆమె నా గురించి, “ఈ అన్న మాటల్లో ఏనుగును తీసేస్తే మిగిలేది నిజమే,” అంది. నన్ను అంతగా నమ్మినవాళ్లు ఊళ్లో ఎవరూ లేరు. ఇంకో భయం కూడా పట్టుకుంది. ఆ కథను ఎన్నిసార్లు చెప్పానో, కళ్లు మూసుకుంటే చేట కనిపించడం మానేసింది. మామిడికొమ్మ ఊగడమే కనిపిస్తోంది.

నాలుగో ఆదివారం గొడుగు మూసేసింది. “పూత అయిపోయింది. ఇంక రానన్నా. ఉన్న ఒక్కదాని గురించే, మామిడి పురుగని రాసి పరిశోధన పత్రికకు పంపించేస్తా.”

బస్సు కోసం నిలబడినప్పుడు చెప్పేశాను. చేట, పూలు, అక్క, అన్నీ. ఆమె భుజం మీది సంచిని దించి కింద పెట్టింది.

“ఇప్పుడు చెప్పినదాంట్లో ఏనుగు యాడుందన్నా?”

“లేదమ్మా. మా అక్కనే అడుగుదాం రా.”

కెలమంగలంలో అక్క మమ్మల్ని పట్టుపురుగుల షెడ్డు దరిదాపులకు రానివ్వలేదు. మందునీళ్లలో కాళ్లు కడిగించి, అంతా విని, నావైపు చూసింది.

“నీకు చక్కెరని పూలు కోసి పంపిస్తే, వాటి మీద ఏనుగును ఎక్కించినావా?”

“తంగేడు చెట్లు యాడున్నాయమ్మా?” అంది అమ్మాయి.

“పోయిన వారమే కొట్టేసినానమ్మా. పచ్చపురుగు వచ్చిందని వీడే కదా ఫోన్ చేసె. మల్బరీకి ఎక్కుతుందేమో అని భయపడినాను.”

బస్సు దగ్గర చెప్పేదాకా నేను నిజం చెప్పింది ఆ ఒక్క ఫోనులోనే. దాని పని అది చేసింది. గట్టంతా మోళ్లు, ఎండిన కొమ్మలు.

మోటారు గది వెనక ఒక్క పొద మిగిలింది. అడక్కుండానే గొడుగు పట్టాను. మూడో దెబ్బకు పసుపు రేకులు, చీమలు, వాటి మధ్య రెండు పచ్చటివి రాలాయి. ఆమె వాటిని గొట్టంలోకి లాగి కటకం పెట్టింది.

“ఒకటి మగది,” అంది. నవ్వలేదు.

“దీన్ని కొట్టనులేమ్మా,” అంది అక్క పొదను చూపిస్తూ. “మల్బరీకి ఎక్కిందంటే మాత్రం మీ ఇంటికొచ్చి పంచాయితీ పెడతా.”

పోల్చి చూడటానికి అమ్మాయి సంచిలోంచి పెట్టె తీసింది. గుండుసూదికి గుచ్చిన అట్టముక్క కొసకు అంటించిన నా పురుగు. దాని కింద గోరంత చీటీ. మామిడి, వేప్పనపల్లి, నా పేరు.

“ఆ చీటీ తీసి పారేయమ్మా,” అన్నాను.

“ఒకసారి గుచ్చింది తీయకూడదన్నా. దాని కిందనే ఇంకోటి గుచ్చాల.”

గట్టు మీద కూర్చొని రాసింది. తంగేడు, కెలమంగలం. పై చీటీ తప్పు, పట్టినవారే చెప్పినారు. గుండుసూదికి గుచ్చి పెట్టె మూసింది.

ఇప్పుడు టీకొట్టులో ఎవరైనా ఆ పురుగు గురించి అడిగితే చేట అనే చెబుతున్నాను. “ఏనుగు ఏమాయనప్పా?” అంటారు. ఈసారి నేనే టీ ఇప్పిస్తాను. బెంగళూరులో ఏదో బీరువాలో ఆ పెట్టె ఉంది. నేను పోయాక కూడా ఎవరో ఒకరు దాన్ని తెరిచి కటకం పెడతారు. ముందు పై చీటీనే చదువుతారు.